పది నిమిషాలకే ఆగిపోయే ఇంజను

ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలప్పుడు, టీ కొట్టు ముందు పదిమంది నిలబడి ఉండగా, మా పక్క చేను పిన్నిని "కల్తీ పెట్రోలు పోసి నా ఇంజను పాడుచేశావు" అన్నాను. ఆమె పోయలేదు. ఆ సంగతి నాకు మధ్యాహ్నం పన్నెండుకు తెలిసింది. ఒప్పుకునేసరికి సాయంత్రం అయిదయింది. ఈ రెండింటి మధ్య గడిచిన అయిదు గంటలకు నా దగ్గర సరైన సంజాయిషీ ఇప్పటికీ లేదు.

ఇంజను మా నాన్న కొన్నది. తాడు చుట్టి లాగే చిన్న పెట్రోలు ఇంజను. పంపు దానికే బిగించి ఉంటుంది. ఇద్దరు మోస్తే తేలిక, ఒక్కడే మోస్తే ఆ రాత్రి నడుము గుర్తుచేస్తుంది. మా ఊరు రెంటచింతలకు ఆటోలో పావుగంట దూరం. మా చేలు పిల్లకాలువకంటే ఎత్తులో ఉంటాయి కాబట్టి కాలువలో నీళ్ళున్నా ఇంజను లేనిదే చేలోకి ఎక్కవు. పిన్ని నా పక్కన ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేస్తుంది. వయసులో నాకన్నా నాలుగేళ్ళే పెద్ద, వరసకు పిన్ని. బాబాయి లారీ తోలతాడు, పదిరోజులకొకసారి ఇల్లు చేరతాడు. చేను మొత్తం ఆమెదే బాధ్యత. ఆమెకు ఇంజను లేదు. నా ఇంజను వాడుకుంటుంది, బదులుగా తన మనుషులతో వచ్చి నా చేలో కలుపు తీయిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఎవరు ఎక్కువ చేశారో ఎవరూ లెక్క చూసుకోలేదు.

ఆ ఏడు దసరాకు ముందు వానలు మొహం చాటేశాయి. ఆయుధ పూజకు ముందురోజు పిన్ని మిరప నారు నాటించింది. నాటిన వెంటనే నా ఇంజనుతో నీళ్ళు పెట్టుకుంది. సాయంత్రం ఇంజనును సబ్బు నీళ్ళతో కడిగి, పాత చీర ముక్కతో తుడిచి తెచ్చింది. "పండగ పూట మురికి ముఖంతో పంపితే బాగుండదురా" అంది. మర్నాడు పూజ. ఆ మర్నాడు, అంటే నాటిన మూడో రోజు, మొక్కలకు రెండో తడి పడాలి. లేత మిరప మొక్కకు ఆ తడే ప్రాణం. తెల్లవారి నేను నా పత్తికి కొంచెం నీళ్ళు పెట్టుకుని, తొమ్మిదింటికల్లా ఇంజను ఆమెకు ఇవ్వాలని మాట. పైగా మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి కాలువ కట్టేస్తారని కాలువ చూసే లస్కరు చెప్పి పోయాడు. ఊళ్ళో ఉన్న ప్రతి ఇంజనూ కాలువ గట్టు మీదే ఉంది. అడిగినా ఇంకెవరూ ఇవ్వగలిగే పరిస్థితి లేదు.

తెల్లవారుజామున తాడు లాగాను. మొదటి లాగుకే అందుకుంది. పైపులో నీళ్ళు కదిలాయి, నేను పార పట్టుకుని చేలో చిన్న కాలువ చెక్కుతున్నాను. పది నిమిషాలయిందో లేదో, మెతుకు అడ్డం పడినట్టు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వెళ్ళి టాంకు మూత తీసి చూశాను. పెట్రోలు ముప్పావు వంతు ఉంది. మూత పెట్టి లాగాను. వెంటనే అందుకుంది. పది నిమిషాలకు మళ్ళీ అదే దగ్గు. అయిదుసార్లు ఇదే తంతు. మూత తీసినప్పుడల్లా 'ఉస్సు'మని చిన్న చప్పుడు వచ్చేది. వేడికి పెట్రోలు ఆవిరి అవుతోందిలే అనుకున్నాను.

అక్కడే కూర్చుని చానా తెలివిగా ఆలోచించాను. మొన్నటిదాకా బాగా తిరిగింది. మధ్యలో పిన్ని వాడింది. ఇప్పుడు తిరగడం లేదు. ఇంకేం రుజువు కావాలి? ఆ మధ్యలో ఇంజనును ముట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణని తట్టనే లేదు. నేను చేసింది పూజ. పూజను ఎవరైనా ముట్టుకోవడం కింద లెక్కవేస్తారా?

ఆ కోపంతోనే టీ కొట్టుకు వచ్చాను. పిన్ని తన మనుషులకు ఫ్లాస్కులో టీ పోయించుకుంటోంది.

"ఏంది అబ్బాయ్, అప్పుడే అయిపోయిందా నీ తడి? ఇంజను తెచ్చుకోనా?" అంది.

"ఎందుకు తెచ్చుకోవూ? కిరాణా కొట్టు సీసాలో కల్తీ పెట్రోలు పోసి పాడుచేశావుగా, ఇంకా తెచ్చుకుంటావు."

ఆమె ఫ్లాస్కు మూత బిగించి బల్ల మీద పెట్టింది.

"బంకుకి పోయి నేనే నిలబడి పోయించా. అనుమానముంటే నా చేలోకొచ్చి అడగాల. పదిమందిలో దొంగని చేస్తావా?"

"దొంగ అన్లేదు పిన్నీ. కల్తీ అన్నా."

"కల్తీ పోసేవాళ్ళని దొంగలనక పంతులుగారని పిలుస్తారా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా మీదే అని నాకు మంట. "పోసింది ఒప్పుకుంటే పోలా, ఇంత మాటెందుకు" అన్నాను. ఒక మనిషికి బయటపడే దారి వదలకుండా మూసేయడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

"ఈ పొద్దునుంచీ నీ ఇంజను నా చేలో కాలు పెడితే చూడు" అంది.

"దానికి కాళ్ళేడున్నయ్ అత్తా?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న ఒక బావ.

"కాళ్ళు లేవు. దాని ఓనరుకి నోరుంది. అది చాలు" అని ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి ఇంజనును వసారాలో విప్పదీశాను. నా భార్యకు సంగతి అప్పటికే తెలిసిపోయింది. మా ఊళ్ళో మాట మనిషికంటే ముందే ఇంటికి చేరుతుంది.

"ఆమె కడిగి ఇచ్చిన ఇంజను అది. కడిగేటోళ్ళు కల్తీ పోస్తారా ఏమయ్యా?" అంది.

"ఏమే, నీకు ఇంజన్ల గురించి ఏం తెలుసు?"

"ఇంజన్ల గురించి తెలవదు. ఆమె గురించి తెలుసు."

ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. నిప్పు నీలంగా, గట్టిగా వస్తోంది. ఫిల్టరు విప్పి ఊదాను. శుభ్రంగా ఉంది. కార్బురేటర్ కింది గిన్నె విప్పి, అందులో పెట్రోలు అరుగు బండ మీద పోశాను. కిరసనాయిలు కలిసి ఉంటే జిడ్డు మరక మిగలాలి. పోసిన పెట్రోలు నేను చూస్తుండగానే ఆరిపోయింది. బండ మీద మరక లేదు. చేతికి వాసన చూశాను. మంచి పెట్రోలు.

అప్పుడు పన్నెండు గంటలు. నిజం అరుగు బండ మీదే కనబడింది. లేచి చేలోకి పోయి "పిన్నీ, పెట్రోలు మంచిదే" అని ఉంటే సరిపోయేది. పోలేదు. ముందు అసలు కారణం కనుక్కుని, ఆ కారణంతో కలిపి చెబుదాం, ఉత్తచేతులతో పోతే ఏం బాగుంటుంది అనుకున్నాను. మర్యాదగా వినిపించే పిరికితనం అది.

వసారాలోంచి ఆమె చేను కనిపిస్తుంది. పిన్ని, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కాలువలో బిందెలు ముంచుకుని, గట్టెక్కి, మొక్కకొక చెంబు పోసుకుంటూ పోతున్నారు. దసరా పోయినా రెంటచింతల వైపు ఎండ తగ్గదు. వాళ్ళు ఒక సాలు ముగించేసరికి పక్క సాల్లో మొక్కలు తల వాల్చేస్తున్నాయి. ఎకరం మిరప. మూడు బిందెలు.

భార్య అన్నం పెట్టింది. కంచం పక్కకు జరిపి లేచాను. ఇంజనును మోపెడ్ వెనక తాళ్ళతో కట్టుకుని రెంటచింతల బయల్దేరాను.

అక్కడ బస్సులు తిరిగే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉంటాడు. మా నాన్న కాలం నుంచీ మా ఇంజనుకు వైద్యుడు ఆయనే. మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చెవి మీద సూది గుచ్చిన దారప్పోగు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాకగానీ పానా పట్టుకోడు. మిగతా ఆరు రోజులు ఇంజన్లతో మాట్లాడినంతగా మనుషులతో మాట్లాడడు.

"ఏంది జబ్బు?" అన్నాడు.

"స్టార్ట్ అవుద్ది తాతా. పది నిమిషాలకి ఆగిపోద్ది."

"ఆగినాక?"

"మళ్ళీ లాగితే అందుకుద్ది."

"ఊరికే లాగుతావా, ఏదైనా చేసి లాగుతావా?"

"ఏం చెయ్యను. మూత తీసి పెట్రోలు ఉందా లేదా చూసి, మూత పెట్టి లాగుతా."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. పానా కాదు గదా, చెయ్యి కూడా పెట్టలేదు. పంపును నీళ్ళ తొట్టికి తగిలించి లాగమన్నాడు. లాగాను. ఇంజను తిరుగుతోంది. ఆయన స్టూలు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. ఇంకో గ్లాసు నాకిచ్చాడు. పది నిమిషాలకు ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఆయన తాపీగా లేచి, టాంకు మూత అర తిప్పు వదులు చేశాడు. ఉస్సుమంది. దగ్గుతున్న ఇంజను ఊపిరి పీల్చుకుని, ఏమీ జరగనట్టు గడగడా తిరగసాగింది.

"అదీ జబ్బు. దానికి ఊపిరాడటం లా" అన్నాడు.

మూత పూర్తిగా విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. మూత పైన నా చేతిపని. పచ్చగా, మందంగా, పైన మూడు ఎర్రటి బొట్లతో, ఎండి రాయిలా ఉంది.

"ఇదేంది నాయనా? గోడకి మెత్తినట్టు మెత్తావు."

"పసుపు తాతా. మొన్న ఆయుధ పూజకి."

"నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మీ పసుపు ఇంజన్లు చూస్తానే ఉన్నా. పసుపైతే గుడ్డ పెట్టి తుడిస్తే పోద్ది. ఇందులో ఏం కలిపావో చెప్పు."

చెప్పక తప్పలేదు. పోయిన ఏడు పెట్టిన బొట్టు మొదటి వానకే కరిగిపోయింది. ఆ తర్వాత నెలరోజులు ఇంజను సతాయించింది. బొట్టు నిలవక ఇట్టా అయిందని నా నమ్మకం. ఈసారి మోపెడ్‌కు రంగు కాగితాలు అంటించడానికి నా భార్య మైదా ఉడికించి జిగురు చేసింది. అందులో గరిటెడు తీసి పసుపులో కలిపి, ఏడాది పొడవునా నిలిచేలా మూత మీద మెత్తాను. అమ్మవారి బొట్టు కదా, నడినెత్తిన ఉండాలని మూత మధ్యలోనే పెట్టాను. ఆ మధ్యలోనే సూదిమొనంత చిల్లి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ మూత తిప్పుతున్నా నాకు ఆ చిల్లి ఉన్నట్టే తెలియదు.

ముసలాయన చెవి మీద సూది తీసి చిల్లి పొడుస్తూ చెప్పాడు. "నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె ధారగా వచ్చుద్దా? రాదు. రెండో పక్కన ఇంకోటి పెట్టాల. ఎందుకు? నూనె బయటికి పోతే ఆ జాగాలోకి గాలి రావాల. ఇదీ అంతే. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాల. నువ్వు ఆ దారి మూశావు. నువ్వు మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోతా ఉంది, మళ్ళీ పది నిమిషాలు తిరగతా ఉంది. రోగం నీ చేతిలోనే, మందూ నీ చేతిలోనే. మధ్యలో నేనెందుకు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే బిందెలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆయనకు పొద్దుటి సంగతి చెప్పాను. చెప్పి, సిగ్గు విడిచి ఇంకో మాట కూడా అన్నాను. "కార్బురేటర్‌లో ఏదో అడ్డం పడిందని చెబుతా తాతా. పసుపు సంగతి చెబితే ఊళ్ళో బతకనివ్వరు."

ఆయన సూదిని దారప్పోగుకు గుచ్చి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

"నీ ఇష్టం. కానీ అడ్డం పడిందంటే ఎవరు పోసినదాంట్లో పడిందంటారు? మళ్ళీ ఆ పిల్ల నెత్తినే గదా పడేది."

నేను ఇంజనును మోపెడ్ మీదికి ఎత్తాను.

"మా గుళ్ళో అయితే పాపసంకీర్తనం ఉంది. ఫాదర్ చెవులో గొణిగి వచ్చేస్తాం. మూడో మనిషికి తెలవదు. మీకు ఆ సౌకర్యం లేదు. ఏం చేస్తాం! యాడ అన్నావో ఆడే చెప్పాల" అని, నేను ఇంజను కట్టుకుంటుంటే తాడు రెండో కొస పట్టుకున్నాడు.

మోపెడ్ మీద వస్తూ దారంతా మాటలు కూర్చుకున్నాను. "పొరపాటు జరిగింది" అనుకున్నాను. అట్లా అంటే పొరపాటు తనంతట తానే వచ్చి జరిగిపోయినట్టుంది. "నేను పొరబడ్డాను" అనుకున్నాను. అది కొంచెం నయం. ఏది అనుకున్నా చివర మైదా జిగురు దగ్గర ఆగిపోతున్నాను.

నేరుగా ఆమె చేను గట్టు మీద బండి ఆపాను. ఆమె బిందె దించలేదు.

"పిన్నీ, తప్పు నాది. పెట్రోలు మంచిదే. మూతకి నేను పూసిన పసుపు గాలి చిల్లి మూసేసింది."

కూడా ఉన్న ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె నవ్వలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పసుపు సంగతి ఇందాకే." అక్కడ ఆపేద్దామనిపించింది. "పెట్రోలు మంచిదని పన్నెండింటికే తెలిసింది" అన్నాను.

"పన్నెండింటి నుంచి ఈ మొక్కలు ఎన్ని పోయినయ్యో చూశావా?" అని చెయ్యి చాపింది. పడమటి వైపు నాలుగు సాళ్ళలో మొక్కలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. "నన్నన్నది టీ కొట్టు కాడ. ఈడ గట్టు మీద గొణిగితే గట్టుకి తెలుసుద్ది, ఊరికి తెలుసుద్దా? పద."

బిందె అక్కడే దించి, చేతులు తుడుచుకుని ముందు నడిచింది. నేను బండి నడిపించుకుంటూ వెనక నడిచాను.

సాయంత్రం అయిదు గంటలకు టీ కొట్టు నిండుగా ఉంటుంది. పొద్దున ఉన్నవాళ్ళలో ముప్పాతిక మంది ఉన్నారు. లేనివాళ్ళకు కబురు పెడతానన్నాడు కొట్టాయన. నేను బండికి స్టాండు వేసి, దారిలో కూర్చుకున్న మాటలేవీ గుర్తులేక, జరిగింది జరిగినట్టు చెప్పాను. పిన్ని బంకులో మంచి పెట్రోలే పోయించిందని, ఇంజను కడిగి మరీ ఇచ్చిందని, మూత మీద పసుపులో మైదా జిగురు కలిపి మెత్తింది నేనని, పన్నెండింటికి తెలిసినా నోరు మెదపలేదని. మైదా దగ్గరకు రాగానే కొట్టు గొల్లుమంది.

"మైదా ఎక్కువైతే పూరీలు వేసుకోవాలిగానీ బావా!" అన్నాడు పొద్దుటి బావ.

"ఆ మూత ఇటియ్యి మామా, నూనెలో వేయిస్తా, టీలోకి బాగుంటది" అన్నాడు కొట్టాయన.

"అమ్మవారికి ఇంత గట్టి భక్తుడు ఈ మండలంలో లేడు" అన్నారు వెనక నుంచి.

నేనూ నవ్వాను. పిన్ని మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, నవ్వులన్నీ సర్దుమణిగేదాకా ఆగింది.

"అయిపోయిందా? ఇంకెవరన్నా నన్ను కల్తీ అంటే మీరందరూ సాక్షం." అప్పుడు నా వైపు తిరిగింది. "ఇంజను పట్రా. నువ్వే తేవాల, నువ్వే తిప్పాల. మళ్ళీ ఏదన్నా అయితే నేను ముట్టుకున్నానని నీకు మాట దొరక్కూడదు."

పొద్దు కుంకేదాకా నేనే తిప్పాను. ఒక్కసారి కూడా ఆగలేదు. పావు చేను తడిసింది. తెల్లవారి అయిదింటికి మళ్ళీ కాలువలో పైపు వేశాను. పదింటికి ఆమె ఎకరం పూర్తయింది. నా పత్తి ఇంకా ఎండలోనే ఉంది. కాలువ కట్టేయడానికి ఆరు గంటలే ఉన్నాయి. అయినా ఆ నాలుగు సాళ్ళు అట్లా ఒదిలి పోవడానికి కాళ్ళు రాలేదు. మా పెరట్లో మిగిలిన మిరప నారు గంపలో వేసుకొచ్చి, ఆడవాళ్ళ పక్కన నేనూ వంగి చచ్చిన మొక్కల చోట కొత్తవి నాటడం మొదలుపెట్టాను. మా వైపు నాట్లు ఆడవాళ్ళ పని. మగవాళ్ళం గట్టు మీద నిలబడి ఎట్లా నాటాలో చెబుతుంటాం.

"ఏంది బాబాయ్, మొక్కని నాటతన్నావా, పాతిపెడతన్నావా?" అంది ఒకామె.

"పైకి కొంచెం ఉంచు. దానికీ ఊపిరాడాలంట" అంది రెండోది.

పిన్ని అప్పుడు నవ్వింది. నన్ను చూసి కాదు, ఆ మాట విని. నాకు అదే చాలనిపించింది.

వాళ్ళు తలా ఒక సాలు ముగించేసరికి నేను అర సాలులో ఉన్నాను. వాళ్ళు బువ్వ తినడానికి చెట్టు నీడకు పోయారు. పిన్ని "రారా, ఒక ముద్ద తిందువుగాని" అని పిలిచింది. సాలు అయ్యాక వస్తానన్నాను. అయ్యాక పోయి, ఆమె పెట్టిన గోంగూర అన్నం తిని, చేతులు కడుక్కుని, ఇంజను బండికి కట్టుకుని నా చేలోకి వచ్చేసరికి రెండు దాటింది. నాలుగింటికి కాలువ కట్టేశారు. నా పత్తి సగమే తడిసింది.